బిగ్ టెన్‌లో పద్దెనిమిది: అమెరికా కళాశాల ఫుట్‌బాల్ కూటముల పునర్విభజన

అమెరికా విశ్వవిద్యాలయాల మధ్య ఏటా ఆగస్టు చివరి నుంచి డిసెంబరు తొలి వారం దాకా శనివారాల్లో జరిగే ఫుట్‌బాల్ పోటీలకు ఆ దేశ ప్రజాజీవితంలో ఉన్న స్థానమెంతటిదో తెలియడానికి, మిషిగన్ విశ్వవిద్యాలయం తన జట్టు కోసం కట్టుకున్న మైదానంలో 1,07,601 మంది కూర్చునే వీలుందన్న ఒక్క సంగతి చాలు. ఇక్కడ ఫుట్‌బాల్ అంటే మనం ఎరిగిన, బంతిని కాలితో తన్నే ఆట కాదు. కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతిని చేత్తో పట్టుకుని పరుగెత్తుతూ, విసురుతూ, అడ్డుపడే ప్రత్యర్థులను ఢీకొంటూ సాగే అమెరికన్ ఫుట్‌బాల్. పిల్లలను పై చదువులకు పంపిన తెలుగు కుటుంబాల్లో పర్డ్యూ, అరిజోనా స్టేట్, టెక్సాస్ ఎ అండ్ ఎం వంటి పేర్లు ప్రవేశ పత్రాల మీద చూసినవే అయినా, సగటు అమెరికన్‌కు ఆ పేర్లు ముందుగా గుర్తు చేసేది తరగతి గదులను కాదు, జట్లను. ఆ జట్లు ఎవరితో ఆడాలి, ఏ గుంపులో ఉండాలి అన్న ఏర్పాటు 2010 తర్వాత రెండు మూడు విడతలుగా తలకిందులై, 2024 నాటికి నూరేళ్ల పొత్తులను కూడా తెంచివేసింది.

ఈ ఏర్పాటు అర్థం కావాలంటే ముందు దాని అంతస్తులు తెలియాలి. విద్యాసంస్థల క్రీడలన్నిటికీ నియమాలు చేసే జాతీయ సంఘమైన ఎన్‌సీఏఏ, సభ్య సంస్థలను వాటి స్థోమతను బట్టి 1973లో మూడు డివిజన్లుగా విభజించి, ఫుట్‌బాల్ వరకు మొదటి డివిజన్‌ను 1978లో మళ్లీ రెండుగా చీల్చింది. వాటిలో పైమెట్టును 2006 నుంచి ఎఫ్‌బీఎస్ అంటున్నారు, 2025లో ఆ మెట్టు మీద 136 జట్లున్నాయి. అన్ని జట్లు ఒకదానితో ఒకటి ఆడడం అసాధ్యం కనుక, కొన్ని విశ్వవిద్యాలయాలు కలిసి తమలో తాము ఆడుకుని ఏటా ఒక విజేతను తేల్చుకునేలా ఏర్పరచుకున్న స్వచ్ఛంద కూటమే కాన్ఫరెన్స్. సభ్యుల సంఖ్య పెరిగినప్పుడు ఒక కాన్ఫరెన్స్ తనలో తాను చేసుకునే రెండు భాగాలను కూడా డివిజన్లనే పిలుస్తారు. ఎన్‌సీఏఏ డివిజన్ స్థోమతను సూచించే మెట్టు, కాన్ఫరెన్స్ డివిజన్ ఆటల పంపిణీకి గీసుకున్న గీత. ఈ వ్యాసంలో ఇకపై డివిజన్ అన్న మాట వచ్చిన ప్రతిచోటా రెండో అర్థమే గ్రాహ్యం.

కాన్ఫరెన్స్‌లు పుట్టింది పొరుగువారి మధ్య. పర్డ్యూ అధ్యక్షుడు జేమ్స్ స్మార్ట్ పిలుపు మీద 1895లో చికాగోలో సమావేశమైన ఏడు విశ్వవిద్యాలయాల అధిపతులు, చదువుతో సంబంధం లేని కిరాయి ఆటగాళ్లను జట్లలో చేర్చుకునే దురాచారాన్ని అరికట్టడానికి ఉమ్మడి నియమావళి కావాలని తలచారు. మరుసటి ఏడాది అధ్యాపక ప్రతినిధుల చేతుల్లో ఏర్పడిన ఆ సంఘమే తరువాతి కాలంలో బిగ్ టెన్‌గా ప్రసిద్ధమైంది. 23 మంది సభ్యులతో మోయలేని బరువైపోయిన సదరన్ కాన్ఫరెన్స్ నుంచి, అపలాచియన్ కొండలకు పడమరగా, దక్షిణంగా ఉన్న 13 సంస్థలు 1932లో వేరుపడి సౌత్ ఈస్టర్న్ కాన్ఫరెన్స్, అంటే ఎస్ఈసీ, స్థాపించుకున్నాయి. రైలులో పోయి రాగల దూరంలో ఉండడం, ఒకే ప్రాంతపు విద్యార్థులను చేర్చుకోవడం, ఏటా అదే ప్రత్యర్థిని ఎదుర్కోవడం వల్ల ఊళ్ల మధ్య పుట్టుకొచ్చిన పంతాలు ఈ కూటములను తరతరాలుగా నిలిపాయి.

పొరుగుతనపు పునాదిని కదిలించింది ఒక న్యాయస్థానం తీర్పు. ఆటలు టెలివిజన్‌లో కనిపిస్తే జనం మైదానాలకు రారన్న భయంతో ఎన్‌సీఏఏ 1950ల ఆరంభం నుంచి ప్రసారాలను తన గుప్పిట్లో ఉంచుకుని, ఏ జట్టు ఆట ఎన్నిసార్లు తెర మీదికి రావచ్చో తానే నిర్ణయించేది. ఆదరణ ఎంత ఉన్నా తమ ఆటను తాము అమ్ముకోలేకపోవడం పెద్ద జట్లకు కంటగింపై, ఓక్లహోమా, జార్జియా విశ్వవిద్యాలయాలు దావా వేయగా, గుత్తాధిపత్య నిరోధక చట్టానికి ఈ కట్టడి విరుద్ధమని 1984లో సుప్రీంకోర్టు 7–2 ఆధిక్యంతో తేల్చింది. విభేదించిన ఇద్దరిలో ఒకరైన జస్టిస్ బైరన్ వైట్ యౌవనంలో కొలరాడో విశ్వవిద్యాలయ జట్టులో మేటి ఆటగాడు; ప్రసారాల మీద ఆ అదుపు తొలగితే విద్యాసంస్థల ఆట పూర్తి వ్యాపారమవుతుందన్నది ఆయన ఆందోళన. చట్టం తీరు ఎలా ఉన్నా, తరువాతి నలభై ఏళ్ల చరిత్ర ఆయన పక్షానే సాక్ష్యం చెబుతున్నది. ప్రసార హక్కులు జట్లవి కాగానే, ఒక్కొక్కరుగా బేరమాడే కంటే గుంపుగా అమ్మితే ఎక్కువ ధర వస్తుందని తేలడంతో, నియమపాలన కోసం పుట్టిన కాన్ఫరెన్స్ క్రమంగా టోకు అమ్మకందారుగా మారింది. నాట్రడామ్ వంటి దేశవ్యాప్త ఆదరణ గల జట్టు మాత్రం 1991 నుంచి ఎన్‌బీసీ టెలివిజన్‌తో సొంతంగా ఒప్పందం నడుపుకుంటూ ఫుట్‌బాల్‌లో నేటికీ ఏ కూటమిలోనూ శాశ్వతంగా చేరలేదు.

డివిజన్ల ఆవిర్భావం వెనుక ఉన్నది అంతగా ఎవరి కంటా పడని ఒక నిబంధన. కనీసం పన్నెండు మంది సభ్యులున్న కాన్ఫరెన్స్ రెండు డివిజన్లుగా విడిపోయి, ప్రతి జట్టు తన డివిజన్‌లోని అన్ని జట్లతోనూ ఆడితే, ఆ రెండు డివిజన్ల విజేతల మధ్య జరిగే ఆఖరి ఆటను సీజన్‌కు అనుమతించిన ఆటల లెక్కలో కలపనవసరం లేదని 1987లో ఎన్‌సీఏఏ పుస్తకంలోకి ఎక్కిన ఆ వెసులుబాటు, నిజానికి పెన్సిల్వేనియాలోని చిన్న కళాశాలల కూటమి ఒకటి అడిగినది. ఎస్ఈసీ కమిషనర్ రాయ్ క్రేమర్ దానిలోని బంగారాన్ని పసిగట్టారు. ఆర్కాన్సా, సౌత్ కరొలైనా విశ్వవిద్యాలయాలను చేర్చుకుని పది మందిని పన్నెండు చేసి, తూర్పు, పడమర డివిజన్లు గీసి, 1992 డిసెంబరు 5న బర్మింగ్‌హామ్‌లో తొలి ఛాంపియన్‌షిప్ ఆట నడిపారు. అప్పటికి ఓటమి ఎరుగని అలబామా ఆ అదనపు ఆటలో ఫ్లోరిడా చేతిలో ఓడితే దేశ విజేత అయ్యే అవకాశాన్ని కూటమే తన చేతులారా పాడుచేసుకున్నట్టవుతుందని ఎందరో హెచ్చరించారు. 21–21 వద్ద నాలుగో పాదంలో అలబామా ఆటగాడు ఆంటోనియో లాంగమ్ ప్రత్యర్థి విసిరిన బంతిని మధ్యలో అందుకుని గీత దాటించడంతో ఆ ఆట 28–21తో ముగిసి, కొత్త సంవత్సరం నాడు మయామీని 34–13తో ఓడించి అలబామా దేశ విజేత కావడంతో విమర్శకుల నోళ్లు మూతబడ్డాయి. లాంగమ్ పట్టు తప్పి ఉంటే, మిగతా కూటములు ఆ బాట పట్టడానికి మరికొన్నేళ్లు తటపటాయించేవేమో.

అవి తటపటాయించలేదు. పన్నెండు అన్న సంఖ్యకు ఒక్కసారిగా డబ్బు విలువ వచ్చింది. పది మందో పదకొండు మందో ఉన్న కూటములు పొరుగు గూళ్లలోకి చేతులు చాచాయి. ఆర్కాన్సా నిష్క్రమణతో పూర్తిగా టెక్సాస్ రాష్ట్రానికే పరిమితమైన సౌత్‌వెస్ట్ కాన్ఫరెన్స్, నియమోల్లంఘనల శిక్షలతో అప్పటికే చతికిలబడి ఉండగా, 1996లో అందులోని నలుగురు సభ్యులు ఎనిమిది మంది ఉన్న బిగ్ ఎయిట్‌తో కలిసి బిగ్ 12 కావడంతో అంతరించింది. అట్లాంటిక్ తీరపు ఏసీసీ 2005 నాటికి బిగ్ ఈస్ట్ నుంచి ముగ్గురిని లాక్కుని పన్నెండుకు చేరింది. బిగ్ టెన్, పసిఫిక్ తీరపు పాక్-12 కూటములు 2011లో ఆ సంఖ్యకు చేరాయి.

డివిజన్ గీయడం చూడడానికి చిన్న పనే కాని, చేయడానికి కత్తి మీద సాము. దూరాలు తగ్గాలి, రెండు వైపులా బలం సమంగా ఉండాలి, పాత ప్రత్యర్థులు విడిపోకూడదు. ఈ మూడూ ఒకేసారి కుదిరిన కూటమి లేదు. పన్నెండు మంది ఉన్నప్పుడు ఒక జట్టు తన డివిజన్‌లో ఐదు ఆటలు, అవతలి డివిజన్‌లోని ఆరుగురిలో ముగ్గురితో మూడు ఆటలు ఆడితే ఎనిమిదితో లెక్క సరిపోయేది. పద్నాలుగు మంది కాగానే సొంత డివిజన్‌కే ఆరు ఆటలు పోయి, అవతలి వైపు ఏడుగురికి రెండే మిగిలాయి, వాటిలోనూ ఒకటి శాశ్వత ప్రత్యర్థికి రాసిపెట్టి ఉండేది. ఫలితంగా 2012లో ఎస్ఈసీలో చేరిన టెక్సాస్ ఎ అండ్ ఎం మైదానంలో అదే కూటమికి చెందిన జార్జియా, డివిజన్లు అమలులో ఉన్న 2023 వరకు ఒక్కసారీ అడుగు పెట్టలేదు. అదే కూటమిలో అలబామా, ఆబర్న్‌ల కంటే ఎంతో పడమరన ఉన్న మిసౌరీని తూర్పు డివిజన్‌లో పెట్టారు. భూగోళాన్ని పక్కనపెట్టి సమతూకం కోసం బిగ్ టెన్ 2011లో చేసిన విభజనకు లెజెండ్స్, లీడర్స్ అని పేర్లు పెడితే, ఎవరు ఎటున్నారో గుర్తుండక అభిమానులు నవ్వుకున్నారు; మూడేళ్లకే ఆ పేర్లు పోయి తూర్పు, పడమరలు వచ్చాయి, వాటితో పాటు సమతూకమూ పోయింది. 2014 నుంచి 2023 వరకు జరిగిన పది ఛాంపియన్‌షిప్ ఆటల్లో పదీ తూర్పు జట్లే గెలిచాయి. ఏసీసీ కోస్టల్ డివిజన్‌లోనైతే 2013 నుంచి 2019 వరకు ఏడేళ్లలో ఏడు జట్లూ తలా ఒకసారి విజేతలై, ఎవరూ మేటి కారని తేల్చాయి.

డివిజన్ లోపల సమానుల మధ్య తగవు ఎలా తీర్చాలన్న ప్రశ్న 2008లో బిగ్ 12 దక్షిణ డివిజన్‌లో తీవ్రంగా ఎదురైంది. టెక్సాస్ తటస్థ వేదికైన డల్లాస్‌లో ఓక్లహోమాను 45–35తో ఓడించింది. టెక్సాస్ టెక్ ఆఖరి క్షణంలో టెక్సాస్‌ను 39–33తో ఓడించింది. ఆ టెక్సాస్ టెక్‌ను ఓక్లహోమా 65–21తో చిత్తుచేసింది. ముగ్గురికీ ఏడు గెలుపులు, ఒక్కో ఓటమి. ఒకరిపై ఒకరి ఫలితాలు చుట్టూ తిరిగి మొదటికే వస్తుండడంతో, నియమావళి ప్రకారం అభిప్రాయ సేకరణలనూ కంప్యూటర్ గణనలనూ కలిపి చేసే జాతీయ ర్యాంకు ఆధారంగా, స్వల్పమైన తేడాతో ఓక్లహోమాను ఎంపిక చేశారు. తాము ఓడించిన జట్టే తమను దాటి పోవడం టెక్సాస్ అభిమానులకు మింగుడుపడలేదు. ఓక్లహోమా కూటమి ఛాంపియన్‌షిప్‌లో మిసౌరీని 62–21తో గెలిచి, జాతీయ అంతిమ పోరులో ఫ్లోరిడా చేతిలో 24–14తో ఓడింది. ఆ ఏడాది టెక్సాస్‌కు జరిగింది అన్యాయమే అయినా, కనీసం ఆ ముగ్గురూ ఒకరితో ఒకరు మైదానంలో తలపడ్డారు. డివిజన్ పద్ధతికి ఉన్న అసలు బలం అది.

2022 మే నెలలో ఎన్‌సీఏఏ డివిజన్ల షరతును ఎత్తివేయడంతో, ఛాంపియన్‌షిప్ ఆటకు ఎవరిని పంపాలో ఏ కాన్ఫరెన్స్‌కు ఆ కాన్ఫరెన్స్ నిర్ణయించుకోవచ్చన్న స్వేచ్ఛ వచ్చింది. పాక్-12 ఆ రోజే మారింది. తక్కినవి రెండేళ్లలో అనుసరించాయి. 2025 నాటికి పైమెట్టు మీద డివిజన్లు మిగిలింది సన్ బెల్ట్ అనే చిన్న కూటమిలోనే. కారణం తెలిసిందే: మొదటి రెండు స్థానాల్లోని జట్లను తెర మీద తలపడనిస్తే, బలహీనమైన డివిజన్ విజేత అడ్డురాకుండా ఉంటే, ప్రేక్షకులు పెరుగుతారు. కొత్త పద్ధతిలో చాలా జట్లకు ఒకరిద్దరు, మహా అయితే ముగ్గురు స్థిర ప్రత్యర్థులను కేటాయించి మిగిలినవారిని వంతులవారీగా తిప్పుతారు. ఎస్ఈసీ 2026 నుంచి ముగ్గురు స్థిర ప్రత్యర్థులు, ఆరుగురు మారే ప్రత్యర్థులతో తొమ్మిది ఆటలు ఆడాలని తీర్మానించింది. కాగితం మీద ఇది ముచ్చటైన పద్ధతి.

అయితే 2025 ఏసీసీ అనుభవం దాని లోపాన్ని బయటపెట్టింది. ఫుట్‌బాల్‌లో 17 మంది సభ్యులున్న ఆ కూటమిలో ప్రతి జట్టూ ఆ ఏడాది కూటమి లోపల ఎనిమిది ఆటలే ఆడింది కనుక, తోటి సభ్యుల్లో సగం మంది ముఖమే చూడలేదు. వర్జీనియా మొదటి స్థానంలో నిలవగా, రెండో స్థానంలో ఐదు జట్లు సమానమయ్యాయి; వాటిలో పరస్పరం ఆడని జట్లు ఉండడంతో, తాము ఎదుర్కొన్న ప్రత్యర్థులు కూటమిలో సాధించిన గెలుపుల శాతం అనే దూరపు కొలమానాన్ని వాడాల్సి వచ్చి, మొత్తం సీజన్‌లో ఐదు ఓటములున్న డ్యూక్ ఛాంపియన్‌షిప్‌కు వెళ్లి గెలిచేసింది. ఆ సీజన్‌లో డ్యూక్‌తో ఒక్క ఆటా ఆడని మయామీ బయట నిలిచింది. పన్నెండు జట్ల జాతీయ ప్లేఆఫ్‌లో కూటమి విజేత డ్యూక్‌కు చోటు దక్కలేదు, ఛాంపియన్‌షిప్ ఆడని మయామీకి దక్కింది, మయామీ ఏకంగా జాతీయ అంతిమ పోరు దాకా వెళ్లింది. సభ్యులు పెరిగి ఆటలు పెరగనప్పుడు విజేతను తేల్చేది మైదానం కంటే ఎక్కువగా లెక్కల పట్టిక అవుతుందన్న మాటకు ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

సభ్యులు ఎందుకంతగా పెరిగారో పాక్-12 పతనం చెబుతుంది. 1915లో పుట్టిన పసిఫిక్ తీరపు కూటమికి వారసురాలైన ఈ సంస్థలో లాస్ ఏంజెలెస్ నగరపు రెండు విశ్వవిద్యాలయాలు, యూఎస్‌సీ, యూసీఎల్ఏ, 1920ల నుంచి సభ్యులు. తీరపు టెలివిజన్ మార్కెట్లలో అతి పెద్దదైన ఆ నగరాన్ని వెంటబెట్టుకుని అవి బిగ్ టెన్‌లోకి వెళుతున్నట్టు 2022 జూన్ 30న ప్రకటించాయి. ఆగస్టులో బిగ్ టెన్ ఫాక్స్, సీబీఎస్, ఎన్‌బీసీలతో ఏడేళ్లకు 700 కోట్ల డాలర్లకు పైబడిన ఒప్పందం చేసుకుంది. పాక్-12లో మిగిలిన పది మందికి దానికి సమానమైన బేరం దొరకలేదు. 2023 జులై చివర కొలరాడో జారుకుంది. చందాల సంఖ్యను బట్టి ఆదాయం వచ్చే యాపిల్ సంస్థ ప్రసార ప్రతిపాదన మీద సంతకాలు జరగవలసిన ఆగస్టు 4 నాడే ఆరెగన్, వాషింగ్టన్ బిగ్ టెన్‌లోకి, అరిజోనా, అరిజోనా స్టేట్, యూటా బిగ్ 12లోకి వెళ్లిపోయాయి. పసిఫిక్ గట్టున ఉన్న స్టాన్‌ఫర్డ్, బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయాలు అట్లాంటిక్ పేరు గల ఏసీసీలో తలదాచుకున్నాయి. వాటితో పాటే చేరిన డల్లాస్ నగరపు ఎస్ఎంయూ తొమ్మిదేళ్ల పాటు ప్రసార ఆదాయంలో వాటా అడగబోనని ఒప్పుకుని మరీ ప్రవేశం సంపాదించింది. అటు టెక్సాస్, ఓక్లహోమా 2024లో ఎస్ఈసీలోకి మారాయి. ఇప్పుడు బిగ్ టెన్‌లో 18 మంది, బిగ్ 12లో 16 మంది ఉన్నారు; పేర్లను మాత్రం ఎవరూ సవరించలేదు. ఎవరికీ అక్కరలేక మిగిలిపోయిన ఆరెగన్ స్టేట్, వాషింగ్టన్ స్టేట్ కోర్టుకెక్కి, వెళ్లిపోయేవారికి కూటమి నిర్ణయాల్లో ఓటు లేదని ఉత్తర్వు తెచ్చుకుని ఉమ్మడి ఆస్తిని కాపాడుకున్నాయి. 2026 జులై నుంచి బోయిసీ స్టేట్, టెక్సాస్ స్టేట్ తదితరులతో ఆ కూటమిని తిరిగి ఎనిమిది ఫుట్‌బాల్ జట్లకు, అంటే పైమెట్టు కాన్ఫరెన్స్‌కు కావలసిన కనీస సంఖ్యకు, చేర్చే ఏర్పాటు చేసుకున్నాయి.

ఈ మార్పుల ఖర్చు ఫుట్‌బాల్ జట్ల కంటే తక్కినవారి మీద ఎక్కువ పడింది. లాస్ ఏంజెలెస్ నుంచి బిగ్ టెన్ తూర్పు కొసన ఉన్న రట్గర్స్ విశ్వవిద్యాలయానికి దూరం నాలుగు వేల కిలోమీటర్లకు దగ్గర, గడియారంలో తేడా మూడు గంటలు. ఫుట్‌బాల్ జట్టు ప్రత్యేక విమానంలో సీజన్‌లో నాలుగైదుసార్లు, అదీ వారాంతంలో ప్రయాణిస్తుంది. వాలీబాల్, సాఫ్ట్‌బాల్, సాకర్ ఆడే ఆడపిల్లలు వారం మధ్యలో తరగతులు మానుకుని అదే దూరం పోయి రావాలి. వారి ఆటకు ప్రసార ఆదాయం స్వల్పం, కాన్ఫరెన్స్ మారాలన్న నిర్ణయంలో వారి మాటకు చోటు లేదు. తెగిన పోటీల బాధ మరొకటి: ఓక్లహోమా, ఓక్లహోమా స్టేట్‌ల మధ్య తరతరాలుగా ఏటా జరిగిన ఆట 2023 నవంబరుతో ఆగిపోయింది. కొన్ని తిరిగి అతుక్కున్నాయి కూడా. టెక్సాస్, టెక్సాస్ ఎ అండ్ ఎం 2011లో విడిపోయి, పదమూడేళ్ల తర్వాత ఒకే కూటమిలో మళ్లీ కలిసి 2024 నవంబరు 30న తలపడితే టెక్సాస్ 17–7తో గెలిచింది. విస్తరణను సమర్థించేవారు ఈ ఉదాహరణనే చూపుతారు కాని, ఆ ఆటను తెంచింది కూడా విస్తరణేనన్న సంగతి మరచిపోకూడదు.

ఆటగాళ్లకు సైతం ఇప్పుడు వాటా ఇవ్వవలసి రావడంతో ఆదాయపు వేట ఇంకా తీవ్రమవుతుంది. 2025 జూన్‌లో న్యాయస్థానం ఆమోదించిన పరిష్కారం ప్రకారం ఒక్కో విశ్వవిద్యాలయం 2025–26లో తన క్రీడాకారులకు సుమారు 2.05 కోట్ల డాలర్ల వరకు నేరుగా చెల్లించవచ్చు; ఆ డబ్బు సమకూరేది ప్రధానంగా ఫుట్‌బాల్ ప్రసారాల నుంచే. కనుక కూటములను 1990 నాటి సరిహద్దులకు నెట్టడం సాధ్యం కాదు. సాధ్యమైనది మరొకటుంది: ఫుట్‌బాల్‌ను తక్కిన క్రీడల నుంచి వేరుచేయడం. యూసీఎల్ఏ శిక్షకుడిగా ఉన్నప్పుడు చిప్ కెల్లీ 2023 చివర బహిరంగంగా చెప్పింది ఇదే: పెద్ద ఫుట్‌బాల్ జట్లన్నిటినీ ఒకే వ్యవస్థ కిందికి తెచ్చి, తక్కిన ఆటలను పాత పొరుగు కూటములకే వదలాలని. ఫుట్‌బాల్‌లో స్వతంత్రంగా ఉంటూ తక్కిన ఆటల్లో ఎక్కువ భాగం ఏసీసీలో ఆడుతున్న నాట్రడామ్, 2013 నుంచి ఆ పద్ధతి నడుస్తుందని చూపుతూనే ఉంది. అటువంటి ఉమ్మడి ఫుట్‌బాల్ వ్యవస్థలో, ఎనిమిదేసి జట్ల ప్రాంతీయ డివిజన్లు పెట్టి, ఒక డివిజన్‌లోని వారందరూ ఏటా ఒకరితో ఒకరు విధిగా ఆడేలా చేస్తే, ఏడు ఆటల్లోనే విజేత ఎవరో మైదానం మీద తేలుతుంది, మిగిలిన ఐదు ఆటలను దూరపు ప్రత్యర్థులకూ టెలివిజన్ ముచ్చటకూ కేటాయించవచ్చు. దీనికి అడ్డు లెక్కల్లో లేదు. ఏసీసీ సభ్యుల ప్రసార హక్కులు 2036 వరకు ఆ కూటమికే రాసిచ్చి ఉన్నాయి, తక్కిన కూటముల ఒప్పందాలూ వేర్వేరు సంవత్సరాల్లో ముగుస్తాయి, అవన్నీ ఒక్క తేదీకి వచ్చేదాకా అందరూ ఒకే బల్ల ముందు కూర్చునే అవకాశం లేదు.